మందల బాట

పల్నాటి నేలను బస్సులోనో కారులోనో దాటిపోవువారికి అది మిరపచేలును, ప్రత్తిచేలును, సున్నపుబట్టీల పొగయు, నడుమ నడుమ సర్కారుతుమ్మ పొదలును గల మెట్టప్రదేశముగా మాత్రమే తోచును. తారురోడ్డును విడిచి, లావుపాటి గరుకు టైర్లు గల కొండసైకిలుపై ప్రక్కదోవ పట్టినవానికి ఆ నేలయే వేరొక రీతిగా సాక్షాత్కరించును. పైన నల్లరేగడి, దాని క్రింద పొరలు పొరలుగా నాపరాయి, ఆ రాయి పైకి తేలినచోట అడుగు నిలువనీయని చిప్పరాళ్ళ మిట్టలు, ఆ మిట్టల కావల పడమటి దిక్కున నీలముగా నల్లమల కొండలవరుస. కొండసైకిలు పందెములకు సిద్ధమగువానికి ఇంతకంటె మేలైన అభ్యాసభూమిని నేను ఆంధ్రదేశమున ఎక్కడను చూచి యుండలేదు. నరసరావుపేట మొదలుకొని మాచర్లకు, అటనుండి నల్లమల అంచుననున్న మండాదికి, పందెముల ఋతువునకు ముందు మాఘమాసమున నేను చేసిన యాత్రను ఇచ్చట వ్రాయుచున్నాను.

సంక్రాంతి వెళ్ళినది మొదలు మాబోటి ఔత్సాహికుల దినచర్య మారిపోవును. పగలు ఉద్యోగము చేసికొని బ్రతుకువారము గనుక, మా అభ్యాసమంతయు తెల్లవారకమునుపు, లేదా దీపాలు పెట్టినవెనుక జరుగవలసినదే. కోడికూతతో లేచి, గ్లాసెడు రాగిజావ త్రాగి, నరసరావుపేట వీధులు ఇంకను నిదురలో నుండగనే కోటప్పకొండ దారి పట్టుదును. బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరములు మూడింటితో త్రికూటాచలమని ప్రసిద్ధి కెక్కిన ఆ కొండపైకి మెట్లదారియు, ఘాట్ రోడ్డును రెండును గలవు. ఆ ఘాట్ రోడ్డుపై నాలుగు నిమిషములు ఊపిరి యాడనంత వేగముగా ఎక్కి, మూడు నిమిషములు మెల్లగా త్రొక్కి, మరల నాలుగు నిమిషములు ఎక్కుట, ఈ క్రమమును నాలుగు పర్యాయములు జరుపుట గుండెకు బలమొసగు సాధనయని శిక్షకులు చెప్పుదురు. ఇంటికి వచ్చిన తరువాత గొలుసును కిరసనాయిలుతో తుడిచి, నూనె చుక్కలు వేసి, బ్రేకుల బిళ్ళలు అరిగినవేమో చూచి, టైర్లలో గ్రుచ్చుకొన్న పల్లేరుకాయలను ఒక్కొక్కటిగా పెరికి గాని స్నానమునకు పోవుటలేదు. భోజనము జొన్నరొట్టె, పెసరపప్పు, మజ్జిగ. దూరపు ప్రయాణమున్న నాడు జేబులో వేరుసెనగపప్పు, బెల్లము కలిపిన ఉండలు. రాత్రి తొమ్మిది గంటలకు నిద్ర. పెండ్లిండ్లకు రాలేదని బంధువులు నొచ్చుకొనెడి మాసములివి.

కొండచుట్టునున్న పల్లెలలో ఆ దినములలోనే శివరాత్రి ప్రభల పని మొదలగును. ఎనుబది అడుగులకు పైబడి నిలువుగా లేచెడి ఆ ప్రభలకు వెదుళ్ళు చీల్చుచు, త్రాళ్ళు బిగించుచు యువకులు తెల్లవారులు పనిచేయుచుందురు. వారు పండుగకును, నేను పందెమునకును ఒక్క తరుణముననే సిద్ధపడుచున్నామన్న తలంపు ప్రతి ఉదయమును నా కాళ్ళకు బలమిచ్చెడిది.

ఈ క్రీడ పుట్టినది అమెరికాలో. కాలిఫోర్నియా రాష్ట్రపు మారిన్ కొండలలో, అడవిమంటలను ఆర్పుటకై వేసిన మట్టిబాటలపై కొందరు యువకులు పాతకాలపు బరువు సైకిళ్ళతో కొండ దిగు పందెములను 1976లో మొదలుపెట్టిరి. ఒక్క దిగుడులోనే వెనుకచక్రపు బ్రేకులోని గ్రీజు కాగి పొగయై పోవుటచే, ప్రతి పందెము తరువాతను దానిని విప్పి క్రొత్త గ్రీజు కూరుకొనవలసి వచ్చెడిదట. ఆ పిల్లల వేడుక 1990 నాటికి కొలరాడోలోని డురాంగో పట్టణమున ప్రపంచ పోటీయయ్యెను, 1996లో అట్లాంటా ఒలింపిక్సులో చేరెను. ఇప్పుడు క్రాస్ కంట్రీ అను పందెమున నాలుగు మొదలు ఆరు కిలోమీటర్ల చుట్టుబాటను పలుమారులు తిరుగుచు, ఇంచుమించు గంటన్నర కాలము గుండె పగులునట్లు త్రొక్కవలసియుండును. వారికి అగ్నిమాపక బాటలు దొరికినవి. మనకు పల్నాటిలో దొరికినవి పసులమందల బాటలు. నా యాత్రలో నేను నేర్చినదంతయు ఈ బాటలనుండియే నేర్చితిని.

సెలవులు కలసివచ్చిన ఒక వేకువను నరసరావుపేటను విడిచి, నకరికల్లు మీదుగా నాగార్జునసాగరు కుడికాలువ కట్టను చేరితిని. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ మహానిర్మాణమునుండి జవహర్ కాలువ అను పేర బయలుదేరి, 203 కిలోమీటర్లు సాగెడి ఈ జలధార, జొన్నయు సజ్జయు తప్ప ఎరుగని మెట్టపొలములకు వరిమళ్ళను తెచ్చినది. ఎత్తుపల్లములు లేని ఆ కట్టపై గాలికి ఎదురుగా, ఒక్క తీరుగా, గంటల తరబడి త్రొక్కుట ఓపికకు మంచి సాధన. అయినను కట్టమీద చెప్పదగిన విశేషము లేదు. మనస్సు నీటివెంట పోవును, కాళ్ళు తమ పని తాము చేసికొనును.

కట్ట దిగి కారంపూడి వైపు పొలముదారులలో ప్రవేశించినంతనే ప్రపంచము ఎఱ్ఱబారెను. ఎటు చూచినను కల్లములలో మిరపపండ్లు ఆరబోసియుండెను. గాలిలోని ఘాటు గొంతు పట్టుకొనెను. ఒక కల్లమువద్ద తాలుకాయలు ఏరుచున్న వృద్ధురాలొకతె నన్ను చూచి కూజాలోని నీరు ముంచి యిచ్చినది.

"యాడికబ్బాయ్, ఇంత ఎండలో ఈ గేర్ల సైకిలేసుకోని?"

"కారంపూడి మీదుగా మండాదికి పోతున్నా పెద్దమ్మా. పందెముంది, దానికోసం తొక్కుతున్నా."

"పందెమంటే కోళ్ళకే అనుకున్నా నాయనా. మనుషులక్కూడా ఉన్నయ్యా?"

ఆమె ఆశ్చర్యము నిజమైనది. గురజాలలో నలగామరాజును, మాచర్లలో మలిదేవరాజును రాజ్యమేలిన పండ్రెండవ శతాబ్దిలో ఒక కోడిపందెమున ఓడినవారు ఏడేండ్లు రాజ్యము విడిచిపోవలసి వచ్చిన నేల యిది. పందెమన్న మాట ఇచ్చట నేటికిని తేలికగా పలుకబడదు. మా పందెమున ఓడినవాడు ఏమియు పోగొట్టుకొనడనియు, మరుసటియేడు మరల రావచ్చుననియు నేను చెప్పగా, "అట్టయితే మంచిదే" అని ఆమె మరియొక చెంబెడు నీరు నా సీసాలో పోసెను.

మధ్యాహ్నపుటెండను నేను తప్పించుకొనలేదు. కోరియే అందు త్రొక్కితిని. వేసవిలో ఆంధ్రదేశమంతటను మిక్కుటమైన వేడిమి నమోదయ్యెడి ఊళ్ళలో ఈ సీమలోని రెంటచింతల యొకటి. ఆ యెండకు మాఘమాసపుటెండ నాందీప్రస్తావన మాత్రమే. శరీరము వేడికి అలవాటు పడుటకు 10 మొదలు 14 దినములు పట్టునని వ్యాయామశాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఆ కాలమున రక్తములోని ద్రవభాగము వృద్ధియగును. చెమట ముందుగా పట్టును, అందలి ఉప్పు తగ్గును. మార్చి పందెములలో చల్లని సీమలవారు తూలిపోవునపుడు మావాడొకడు నిలిచెనన్నచో, ఆ నిలుకడ ఈ బీళ్ళలో సంపాదించినదే.

కారంపూడిలో నాగులేటి యొడ్డున ఆగితిని. పల్నాటి యుద్ధము జరిగిన స్థలమిది. వీరుల గుడియందు వారి ఆయుధములు, కొణతములను పేర, నేటికిని పూజలందుకొనుచున్నవి. కార్తికమాసాంతమున ఐదు దినములు రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అను వరుసతో ఆ యుద్ధకథను వీరాచారవంతులు ఉత్సవముగా జరుపుదురు. కులభేదము పాటింపక అందరిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి బ్రహ్మనాయుడు నడపిన చాపకూటిని మందపోరునాడు ఇచ్చట స్మరింతురు. బాలచంద్రుని శౌర్యమును, నాయకురాలు నాగమ్మ ధీశక్తిని వినని తెలుగువాడు లేడు. నా మనస్సు మాత్రము ఆ సాయంకాలము మందపోరునందే నిలిచెను. రాజ్యము పోగొట్టుకొని మండాది అడవులలో తలదాచుకొన్న మాచర్లవారి పసులమందలపై శత్రువులు పడినపుడు, ఆ మందలను కాచుచు లంకన్న ప్రాణము విడిచెను. సింహాసనమునకై పోరినవారి నడుమ పసువులకై పోరి పడినవాడతడు. నేను పోవుచున్నది అతడు మందలు తోలిన దిక్కునకే.

మరునాడు దుర్గి వైపు తిరిగితిని. శిల్పులు రాతిని మలచు ఉలిచప్పుడుతో మేలుకొనెడి దుర్గిని దాటి, మించాలపాడునకు పోయితిని. అడవిలో పసువులను మేపుకొన్నందులకు తెల్లదొరల ప్రభుత్వము విధించిన పుల్లరిని చెల్లించబోమని రైతులను కూడగట్టిన కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరి 22వ తేదీన తుపాకిగుండ్లకు నేలకొరిగినది ఈ యూరిలోనే. ఆ పన్ను ఏ బాటల మీద నడిచిన పసువులపై వేయబడినదో, ఆ బాటల మీదనే నా చక్రములు సాగుచున్నవన్న సంగతి ఎరుకకు వచ్చినపుడు, వేగమును గూర్చిన నా లెక్కలన్నియు కొంతసేపు చిన్నబోయినవి. నేను వేడుకకు తిరుగుచున్న బాటలను ఈ ఊళ్ళవారు ప్రాణమిచ్చి నిలుపుకొనిరి. కొండసైకిళ్ళవారు బాటను 'కనుగొంటి'మని చెప్పుకొనుట నాకు ఆనాటినుండి రుచించుటలేదు.

మాచర్లలో చెన్నకేశవస్వామిని దర్శించి, చంద్రవంక దాపున రాత్రి గడపి, తెల్లవారుచుండగా మండాది వైపు వెడలితిని. ఊరు దాటిన పిమ్మట నేల లేచును. గట్టు మీదికి నేరుగా ఎక్కు బండిజాడ యొకటి కనబడగా అందు ప్రవేశింపబోవుచుండ, గొర్రెలను తోలుకొనివచ్చుచున్న కాపరి కేకవేసెను.

"ఆ దోవన పోబాక అబ్బాయ్! అంతా ముల్లు. రాయి గూడా నిలవదు."

"మరి యే దోవన పోవాలి బాబాయ్?"

"మా గొర్రెలెక్కే దోవన పో. గొర్రె యాడ కాలు పెడితే ఆడ రాయి కదలదు."

ఆ మాటను పరీక్షింపనెంచి మంద జాడ పట్టితిని. మొదట అది వంకరగా, అకారణముగా చుట్టు తిరుగుచున్నట్లుండెను. పది బారలు ఎక్కిన తరువాత దాని తర్కము బోధపడెను. ఎన్ని తరముల పసువులో తమ బరువును మోసికొనిపోవుటకు ఎక్కడ వాలు తక్కువో, ఎక్కడ వానకు కోసుకొనిపోని గట్టినేల యున్నదో వెదకి వెదకి, ఒక్కొక్క డెక్కతో త్రొక్కి స్థిరపరచిన రేఖ యది. చిప్పరాళ్ళపై సైకిలు ఎక్కునపుడు లేచి నిలుచుండి త్రొక్కినచో బరువు ముందునకు పోయి వెనుకచక్రము జారును. కూర్చుండినచో ముందుచక్రము లేచును. ఈ రెంటి నడుమ, సీటు కొననంటి కూర్చుండి, ఛాతీని హాండిలు మీదికి వంచి, చిన్నగేరులో నిదానముగా త్రొక్కవలెను. టైరులో గాలి యెక్కువయైనచో అది రాతిపై ఎగిరిపడును, 22 పి.ఎస్.ఐ. దగ్గరకు దించినపుడు మెత్తనై రాతిని పట్టుకొనును. ఇదంతయు నేనెరిగినదే. ఎరుగనిది దృష్టిని గూర్చి. కన్ను చక్రము ముందరి రాతిని గాక, మంద తిరుగబోవు తరువాతి మలుపును చూడవలెను. కన్ను చూచినచోటికి చక్రము తనంత తాను పోవును. కాలు నేల మోపకుండ గట్టుపైకి చేరితిని. క్రిందనుండి కాపరి చేయెత్తెను.

గట్టుపైనుండి నల్లమల దగ్గరగా కనబడెను. అడవిశాఖవారి హద్దురాయి వద్ద నేను ఆగితిని. దాని కావల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యము, దేశముననున్న అట్టి అరణ్యములలో మిక్కిలి విశాలమైనది. అనుమతి లేక సైకిలుతో ప్రవేశించుట తగదు. పందెములకు అడవిలోపలి బాటలు కావలెనని కోరువారితో నేను ఏకీభవింపను. ఈవలనున్న బీళ్ళు, గట్లు, వాగులు చాలును. పంటలు ఇల్లు చేరిన తరువాత, ఊరివారి సమ్మతితోను కాపరుల సలహాతోను మండాది గట్లలో ఐదు కిలోమీటర్ల చుట్టుబాట నొకదానిని గుర్తించి పోటీ జరిపినచో, మన యువకులు కొండపందెమునకై హిమాచలమునకు పోవలసిన పనిలేదు. నాపరాతి మెట్లపై దిగుట, ఇసుకవాగు దాటుట, రేగడిలో బురదగొలుసుతో ఎక్కుట, ఈ మూడు పరీక్షలు ఒక్క చుట్టులో మరియెచ్చట దొరకును?

దిగునపుడును మంద బాటనే పట్టితిని. తుంటిని సీటు వెనుకకు జరిపి, మోకాళ్ళను వదులుగా వంచి, బ్రేకుమీటపై ఒక్క వ్రేలు మాత్రముంచి, గట్టు దిగి మాచర్ల దారిని చేరితిని.

నరసరావుపేటకు వచ్చిన పిమ్మట అభ్యాసక్రమమును మార్చుకొంటిని. ఘాట్ రోడ్డును వారమున రెండు ఉదయములకు తగ్గించి, మిగిలిన దినములు కొండ పాదముననున్న గొర్రెల దారులలో తిరుగుచున్నాను. మందలు ప్రొద్దెక్కిన తరువాత మేతకు వెడలును, మునిమాపున మరలును. నా వేళలను వాటికి అడ్డురాకుండ కుదుర్చుకొంటిని. అయినను ఎప్పుడైన ఎదురుపడినచో సైకిలు దిగి, పల్లపువైపున నిలిచి, చివరి గొర్రె దాటువరకు ఆగుదును. ఆ నిలిచిన నిమిషములను నా అభ్యాసపు లెక్కలోనుండి తీసివేయుటలేదు.