విశాఖలో ఉద్యోగం చేస్తూ దేశాల చదువు

ప్రాంతీయ అధ్యయనాలు అంటే ఒక దేశాన్నో, దగ్గరి సంబంధాలున్న కొన్ని దేశాలనో తీసుకుని వాటి చరిత్ర, భాష, రాజకీయాలు, ఆర్థిక వ్యవస్థ, సాహిత్యం కలిపి చదవడం. రాజనీతి శాస్త్ర విద్యార్థి ఎన్నికల గురించి చదివితే ఏ దేశపు ఎన్నికలైనా అతనికి పాఠమే. ప్రాంతీయ అధ్యయనాల విద్యార్థి బర్మాను ఎంచుకుంటే ఆ దేశపు వరి పంట, బౌద్ధ సంఘం, సైన్యం, భాష అన్నీ అతని పాఠంలోకి వస్తాయి. లండన్‌లో 1916లో ఏర్పడిన ప్రాచ్య అధ్యయనాల విద్యాలయం మొదట వలస పాలకుల అవసరాలు తీర్చింది. అమెరికాలో 1958 నాటి జాతీయ రక్షణ విద్యా చట్టం ఈ చదువులకు డబ్బు సమకూర్చింది. మన దేశంలో 1955లో ఢిల్లీలో మొదలైన అంతర్జాతీయ అధ్యయనాల సంస్థ 1970లో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో కలిసింది. తెలుగు నేల మీద తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆగ్నేయాసియా, పసిఫిక్ దేశాలకు, ఉస్మానియా హిందూ మహాసముద్ర దేశాలకు, ఆంధ్ర విశ్వవిద్యాలయం సార్క్ దేశాలకు ప్రత్యేక అధ్యయన కేంద్రాలు పెట్టాయి.

ఈ చదువు ఇరవై ఏళ్ల కుర్రవాళ్లకే అన్న అభిప్రాయం విశాఖపట్నంలో నిలవదు. పదిహేను, ఇరవై ఏళ్ల సర్వీసు ముగించి నలభై ఏళ్లలోపే పెన్షన్‌తో బయటికొచ్చిన నావికులు ఈ ఊళ్లో ఉన్నారు. ఉక్కు కర్మాగారంలో షిఫ్టులు చేస్తూ ప్రైవేటుగా డిగ్రీ కట్టినవారు, పిల్లలు పైచదువులకు వెళ్లాక మళ్లీ పుస్తకం పట్టిన గృహిణులు, పోర్టు చుట్టూ ఉన్న క్లియరింగ్, షిప్పింగ్ ఆఫీసుల గుమాస్తాలు ఉన్నారు. వీరిలో పలువురికి పరదేశాలతో రోజూ పనే. ఆ పనిని చదువుగా మలుచుకునే దారి ఏదన్నదే ప్రశ్న.

జవాబు వెతకడానికి పోర్టు దగ్గర మొదలుపెట్టడం మంచిది. పాత ఊరి చివర మూడు కొండలున్నాయి. రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, మరోదాని మీద వేంకటేశ్వరుడి గుడి. రాస్ హిల్ ఎక్కి నిలబడితే ఎదురుగా డాల్ఫిన్ నోస్, కింద లోపలి హార్బరుకు దారితీసే సన్నని కాలువ. టగ్గుల వెంట ఓడ వస్తుంటే దాని పేరు, రిజిస్టరైన రేవు పేరు కొండ మీది నుంచే చదువుకోవచ్చు. ఈ రేవు 1933 అక్టోబరు 7న తెరుచుకుంది. బైలదిలా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడం కోసమే 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. ఉక్కు కర్మాగారం కోకింగ్ బొగ్గులో పెద్ద భాగం ఆస్ట్రేలియా నుంచి వస్తుంది. ఆ కర్మాగారానికి 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1979లో సోవియట్ యూనియన్‌తో సహకార ఒప్పందం కుదిరింది, 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. ఆర్.కె. బీచ్‌లో మ్యూజియంగా నిలిచిన ఐఎన్ఎస్ కురుసుర కూడా సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరిన జలాంతర్గామే.

ఓడరేవుకు ఉత్తరాన కంచరపాలెం వైపు వెళ్తే బర్మా క్యాంపు వస్తుంది. ఈ తీరం నుంచి వేలమంది రంగూన్ వెళ్లి రేవు కూలీలుగా, బియ్యం మిల్లుల పనివారుగా బతికారు. 1941 డిసెంబరులో అక్కడ జపాన్ బాంబులు పడ్డాక కొందరు అడవులు దాటి కాలినడకన తిరిగొచ్చారు. 1962లో సైనిక పాలన వచ్చాక మరికొందరు కట్టుబట్టలతో ఓడలెక్కారు. ఆగ్నేయాసియా చరిత్ర చదవాలనుకునే విశాఖవాసికి మూలాధారాలు ఢిల్లీ అభిలేఖాగారంలోనే కాదు, ఈ వీధుల్లోనూ దొరుకుతాయి. ముసలివాళ్ల జ్ఞాపకాలను ఎవరూ రాసుకోకముందే అవి పోతున్నాయన్నది నిజంగా బాధ కలిగించే విషయం. నలభై ఐదేళ్ల విద్యార్థికి ఇక్కడ ఇరవై ఏళ్ల విద్యార్థికి లేని వెసులుబాటు ఉంది: పెద్దవాళ్లు అతన్ని కూర్చోబెట్టి మాట్లాడతారు.

కాబట్టి ఎంపిక డిగ్రీ పేరుతో కాకుండా ప్రాంతంతో మొదలుకావాలి. రష్యా, జపాన్, ఆస్ట్రేలియా, బర్మా: ఈ ఊరికి ఇవి నాలుగూ దగ్గర సంబంధమున్నవే. తన పనికో, తన కుటుంబ చరిత్రకో ఏది తగులుతుందో తేల్చుకున్నాకే కోర్సు వెతకాలి.

కోర్సుల వేటలో మొదటి మజిలీ ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో బెజవాడలో పుట్టి 1930లో వాల్తేరు చేరిన ఈ సంస్థకు కట్టమంచి రామలింగారెడ్డి తొలి ఉపాధ్యక్షులు, ఆయన తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్. ఇక్కడ రాజనీతి శాస్త్రం, చరిత్ర, ఆర్థిక శాస్త్రం రెగ్యులర్‌గా చదవాలంటే పగలు తరగతులకు రావాలి. షిఫ్టు ఉద్యోగికి అది సెలవు పెట్టకుండా కుదరదు. దూరవిద్యా విభాగం 1972లో కరస్పాండెన్స్ కోర్సుల స్కూలుగా మొదలైంది. ఈ ప్రాంగణంలో ఉద్యోగస్తుడికి అందుబాటులో ఉన్న దారి అదే. ఏ దారిలో చేరినా వి.ఎస్. కృష్ణా గ్రంథాలయాన్ని మాత్రం వదులుకోకూడదు. తాను ఎంచుకున్న ప్రాంతం మీద అక్కడ ఎన్ని పుస్తకాలున్నాయో, ఏ కాలానివో ఒక పూట కూర్చుని చూసుకుంటే ఆ ప్రాంతాన్ని ఈ ఊళ్లో చదవగలమో లేదో తెలిసిపోతుంది. బ్రోషర్ల కంటే ఇది నమ్మదగిన పరీక్ష.

రెండో దారి ఇగ్నో. 1985లో ఏర్పడిన ఈ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి విశాఖలో ప్రాంతీయ కేంద్రం ఉంది. వయసు అడ్డు లేదు. ఏ డిగ్రీ ఉన్నా రాజనీతి శాస్త్రం ఎం.ఏ.లో చేరవచ్చు. పేరులో ప్రాంతీయ అధ్యయనాలన్న మాట లేకపోయినా దాని ఐచ్ఛిక పేపర్లలో లాటిన్ అమెరికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, కెనడా, ఐరోపా సమాఖ్య వంటివి ఉన్నాయి. పేపర్లు జాగ్రత్తగా ఏరుకుంటే అది దాదాపు ప్రాంతీయ అధ్యయనాల డిగ్రీయే అవుతుంది. కనీస కాలం రెండేళ్లు, గరిష్ఠం నాలుగు. మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకు, 70 శాతం పరీక్షలకు. పరీక్షలు జూన్‌లో, డిసెంబరులో జరుగుతాయి. షిఫ్టు మార్చుకోలేక ఒక విడత పోయినా ఆరు నెలల్లో మరో విడత వస్తుంది. బోధన ఇంగ్లీషులో, హిందీలో మాత్రమే ఉండటం తెలుగు మాధ్యమంలో చదివినవారికి మొదటి అడ్డంకి. దానికి మొదటి ఆరు నెలలు నెమ్మదిగా, ఒకటి రెండు పేపర్లతోనే నడవడం తప్ప వేరే మందు లేదు.

భాష లేకుండా ఈ చదువు పూర్తి కాదు. రష్యన్ అక్షరాలు రానివాడు రష్యా గురించి ఇంకొకరు ఇంగ్లీషులో చెప్పిందే చదవగలడు. ఇగ్నోలో రష్యన్, జపనీస్, కొరియన్, ఫ్రెంచ్, అరబిక్ వంటి భాషలకు సర్టిఫికెట్ కోర్సులున్నాయి. అన్ని కేంద్రాల్లోనూ తరగతులు నడవవు గనుక ముందే అడగాలి. ఏకకాలంలో రెండు కోర్సులు చదవడానికి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022లో అనుమతించింది. అందువల్ల ఎం.ఏ.తో పాటు భాష నేర్చుకోవడానికి నిబంధనలు ఇప్పుడు అడ్డు కావు. అడ్డల్లా సమయమే. రోజుకో గంట భాషకు కేటాయించలేనివారు ఇంగ్లీషు వాడుకలో ఉన్న ఆస్ట్రేలియానో, కెనడానో ఎంచుకోవడం మేలు.

పరిశోధన దాకా వెళ్లాలనుకునేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దూరవిద్యలో పీహెచ్‌డీ చెల్లదు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనలు పార్ట్‌టైమ్ పీహెచ్‌డీని మాత్రం ఒప్పుకుంటాయి, దానికి పనిచేసే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ఉద్యోగం మానుకుని ఢిల్లీకో, హైదరాబాద్‌కో పోవాల్సిన పని లేదు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోని తిరుపతి కేంద్రం ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలో ఉంది.

ఇగ్నో ప్రవేశాలు ఏటా రెండు విడతలు, జనవరిలో, జూలైలో. ఏ దూరవిద్య కోర్సుకైనా ఫీజు కట్టే ముందు యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో ఆ సంస్థ పేరుతో పాటు ఆ కోర్సు పేరు, ఆ విడత కూడా ఉన్నాయో లేదో చూసుకోండి. జాబితాలో లేని డిగ్రీ ప్రమోషన్‌కూ పనికిరాదు, పీహెచ్‌డీకీ పనికిరాదు.