చేను దున్నిన భీం గురించి

పోస్టు కొంచెం పొడుగైతది, ఓపికతో చదవండి.

ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమ్రం భీం వర్ధంతి. ఈసారి పరీక్షలు ఉండటంతో నేను పోలేకపోతున్న. అందుకే ఇక్కడ రాస్తున్న. నేనుండేది గచ్చిబౌలి దగ్గర హాస్టల్‌ల. శని, ఆదివారాలు మాదాపూర్‌ల ఒక క్యాంటీన్ కౌంటర్ మీద పని చేస్త. మా ఇంట్ల డిగ్రీ దాకా వచ్చినోన్ని నేనొక్కన్నే.

క్యాంటీన్‌ల మాది ఆసిఫాబాద్ జిల్లా అని తెలిసినప్పటి నుంచి అందరిదీ ఒకటే మాట: "మీ భీం పులితో కొట్లాడిండు కదా తమ్మీ?" 2022ల వచ్చిన ఆర్‌ఆర్‌ఆర్ సినిమా ముచ్చట అది. నాకు కోపమేం రాదు. అది కల్పిత కథ అని తీసినోళ్లే చెప్పిన్రు. సినిమా వల్లనైనా మా పేరు ఈ పట్నంల నలుగురి నోట్లె పడ్డది. కానీ మా తాదో చెప్పిన భీం పులితో కొట్లాడినోడు కాదు. నాగలి పట్టినోడు. ఇల్లు, వాకిలి, ఎడ్లు, కోతకొచ్చిన చేను ఉన్నోడు.

పెద్దలు చెప్పే కథ మనకందరికీ తెలిసిందే, అయినా ఒకసారి రైతు కథ లెక్క చదువుదాం. భీం 1901ల సంకెపల్లిల పుట్టిండు. చిన్నతనంలనే తండ్రి పోయిండు. కుటుంబమంతా చిన్నాయనలతో కలిసి సుర్దాపూర్ పోయి, అడవి కొట్టి చేను చేసుకున్నరు. పంట చేతికొచ్చే యాళ్లకు సిద్దిఖ్ అనేటోడు వచ్చి ఈ భూమి నాది అన్నడు. ఆ గొడవల భీం చేతిల దెబ్బతిని సిద్దిఖ్ చచ్చిపోయిండు. మొదటి కొట్లాట రాజ్యం కోసం జరగలేదు, కోతకొచ్చిన చేను కోసం జరిగింది. తర్వాత చాందాకు, ఆడికెళ్లి అస్సాం తేయాకు తోటలకు పోయిండు. అక్కడ కూలి చేసుకుంట సదువు, లెక్క నేర్చుకున్నడు. ఊరిడిచి వేరే రాష్ట్రంల పనిచేసుకుంట సదువుకున్నడన్న మాట. మనలాంటి హాస్టల్ పోరగాండ్లకు ఈ సంగతి దగ్గరగా అనిపిస్తలేదా?

అక్కడనే ఉండిపోవచ్చు. ఉండలేదు. తిరిగొచ్చి సోంబాయిని పెండ్లి చేసుకున్నడు, మళ్లీ చేను చేసిండు. అప్పటికే నిజాం సర్కారు అడవులకు హద్దులు గీసి రిజర్వు చేస్తున్నది. పశువులు మేపితే సుంకం, కట్టెలు తెచ్చుకుంటే సుంకం, చేను చేసుకుంటే కేసు. జోడేఘాట్, బాబేఝరి, పట్నాపూర్ లాంటి 12 గూడేలకు భూమి మీద హక్కు కావాలని భీం అడిగిండు. నిజాంను కలవనీకె ఈ హైదరాబాద్‌కే వచ్చి, దర్శనం దొరకక వాపస్ పోయిండని పెద్దలు చెప్తరు. తుపాకి తర్వాత వచ్చింది, మొదలు దరఖాస్తే. 1940ల పోలీసులు జోడేఘాట్ గుట్టల మీద ఆయనను కాల్చి చంపిన్రు.

ఆయన పోయినంక నిజాం సర్కారే హైమెన్‌డార్ఫ్‌ను పిలిపించి గోండుల సంగతి తెలుసుకున్నది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిల ఉండి పనిచేసిన్రు. 1949 నాటికి 11 వేలకు పైగా ఆదివాసీ కుటుంబాలకు సుమారు 1 లక్షా 60 వేల ఎకరాల పట్టాలొచ్చినయి. ఇయ్యాల మన తాతలకు చెల్క ఉన్నదంటే దాని కింద ఒక రైతు ప్రాణం ఉన్నది.

మా తాదోకు ఆ పట్టాల వాటా రాలేదు. ఆయనది పోడు. రెండున్నర ఎకరాలు. విత్తే ముందు మోదుగాకు దొప్పల విత్తనాలు పెట్టి మొహతుక్ పూజ చేసేటోడు. పొలాల పండుగకు ముందు ఎడ్లకు పెట్టి, తర్వాతనే తాను తినేటోడు. ఫారెస్టోళ్లు వచ్చి కందకం తవ్విన నాడు కూడా ఇంట్ల గొంతు లేపలేదు. 2006 చట్టం కింద దరఖాస్తు పెట్టిండు, తిరిగిండు, తిరిగిండు. 2021ల పోయిండు. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌ల పోడు పట్టాలు పంచుడు మొదలైంది. రాష్ట్రమంతట 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు అన్నరు. మాది తర్వాత వచ్చింది, అవ్వ పేరు మీద. అవ్వకు సదువు రాదు. పట్టా కాయితం మీద చెయ్యి పెట్టి, "దీంట్ల మీ తాదో పేరు ఏడున్నదిరా?" అనడిగింది. తాదో పేరు భర్త అన్న కాడ ఉన్నది. ఆ అక్షరాలు చూపెట్టిన. చాన సేపు అక్కడనే వేలు పెట్టి కూసున్నది.

ఇక్కడ నేను రోజూ చూసే భూమి వేరే లెక్క. 2023 ఆగస్టుల కోకాపేటల వేలం పాటల ఎకరం 100 కోట్లు దాటింది. కంచ గచ్చిబౌలి అంటరు, కంచ అంటే పశువులు మేసే భూమి. పేరుల పశువులు మిగిలినయి, భూమి మీద అద్దాల మేడలు. మన పోడు పట్టా అమ్మనీకె రాదు, వారసులకు మాత్రమే వస్తది. "అమ్మరాని భూమి ఏం భూమిరా?" అని నా రూమ్మేట్ అంటడు. అమ్మరాదు కాబట్టే అది మా అవ్వ దగ్గర ఉన్నది అని నేనంట.

2025 మే 30న జీవో 49 వచ్చిన సంగతి మీకు తెలుసు. తాడోబా, కవ్వాల్ మధ్య పులుల దారి కోసం సుమారు 1,492 చదరపు కిలోమీటర్లు కన్జర్వేషన్ రిజర్వ్ అన్నరు. దానికి పెట్టిన పేరు కుమ్రం భీం! రిజర్వు అడవిల చేను కోసం చచ్చిపోయినాయన పేరు రిజర్వుకే పెట్టిన్రు. జిల్లా బంద్ అయినంక జూలైల జీవోను నిలిపేసిన్రు. రద్దు చెయ్యలేదు, నిలిపేసిన్రు. పులి మనకు పగ కాదు, తరాల నుంచి ఒక్క అడవిలనే బతికినం. కానీ గ్రామసభను అడగకుండ హద్దు గీస్తే అది 1940 నాటి పద్ధతే.

అందుకే ఈ వర్ధంతికి దండ వేసి ఫొటో దిగినంక ఒక పని చేద్దాం. ఇంటికి పోయినోళ్లు మీ ఇంటి పట్టా తీసి సదవండి. ఎన్ని ఎకరాలు రాసిన్రు, హద్దులు ఏమున్నయి, అవ్వ పేరు, అమ్మ పేరు సరిగ్గ ఉన్నదా చూడండి. పట్టా రానోళ్లు గూడెంల పెద్దమనుషులను అడిగి, ఆ చేను ఎప్పటి నుంచి ఎవరు దున్నుతున్నరో రాయించి సంతకం పెట్టించండి. పెద్దల వాంగ్మూలం కూడా చట్టంల సాక్ష్యమే. ఆ పెద్దలు ఏడాదికొకరు పోతున్నరు. మా గూడెంల ఇప్పుడు ముగ్గురే మిగిలిన్రు. దీపావళికి పోయినప్పుడు నోట్‌బుక్ పట్టుకొని వాళ్ల దగ్గర కూసుంట.

మీ తాతల చేను ముచ్చట కామెంట్ల రాయండి. అన్నీ సదువుత.

జై సేవా. జల్, జంగల్, జమీన్.