మా నాయన పోసిన పొరలు



ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చదివే తమ్ముడొకడు మొన్న వీడియో పంపాడు. రోబో చెయ్యి వెల్డింగ్ గన్ను పట్టుకొని, పొర మీద పొర పోస్తూ లోహపు వస్తువును లేపుతోంది. "అన్నా, ఇక మన పని అయిపోయినట్టేనా?" అన్నాడు. ఫోన్లో చెప్పింది చాల్లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

దాని పేరు వైర్ ఆర్క్ అడిటివ్ మాన్యుఫాక్చరింగ్. పేరు పెద్దదే గానీ లోపలున్నది మనకు తెలిసిన వెల్డింగే. తీగ చుట్ట, ఆర్కు, గ్యాసు. విమానాల టైటానియం భాగాలను దిమ్మలోంచి చెక్కితే బోలెడు లోహం రజనుగా పోతుంది. ఇందులో కావలసినంతే పోస్తారు, తర్వాత పైపైన చెక్కి నునుపు చేస్తారు. 2021లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక కాలువ మీద ఇలా పోసిన 12 మీటర్ల స్టీలు వంతెనను తెరిచారు.

కొత్తదా అంటే, ఆర్కుతో లోహం పోసి వస్తువులు చెయ్యడానికి అమెరికాలో 1925లోనే పేటెంటు ఉంది. మా నాయన బెజవాడ ఆటోనగర్ షెడ్లో అరిగిపోయిన షాఫ్టుల మీద వరస పక్కన వరస వెల్డింగ్ పోసి, ఆరనిచ్చి, లేతుకు పంపేవాడు. దాన్ని రిపేరు అన్నారు. కూలి ఇచ్చారు.

ఈ పనిలో అసలు తలనొప్పి వేడి. ఆగకుండా పోస్తే వేడి దిగదు, పైపొర జారుతుంది. ఆరేటప్పుడు లోహం ముడుచుకొని అడుగు ప్లేటును విల్లులా వంచుతుంది. ఇంగ్లండులో క్రాన్‌ఫీల్డ్ యూనివర్సిటీ వాళ్లు పొరపొరకూ రోలరుతో నొక్కి చూశారు. ప్లేటుకు రెండు వైపులా మార్చి మార్చి పోయడం ఇంకో దారి. అది చదివి నవ్వుకున్నా. "ఒకే పక్క లాగించమాకురా, పలక ఎదురు తిరుగుద్ది! అటు కొంచెం ఇటు కొంచెం కొట్టు" అని నాయన కుర్రాళ్ల మీద అరుస్తుంటే వింటూ పెరిగినవాణ్ణి.

ఒక ఇంజనీరింగు కాలేజీలో దీని మీద సెమినారు పెడితే వెళ్లా. అరగంట స్లైడ్లు. ఆ ముక్కలు పోసిందెవరని అడిగితే "మా ల్యాబ్ వెల్డర్" అన్నారు. పేపర్లో ఆయన పేరు లేదు, ఆఖర్న కృతజ్ఞతల్లో కూడా లేదు. మనిషి తలుపు బయటే నిలబడి ఉన్నాడు. పలకరిస్తే ముందు ఊరు చెప్పాడు, తర్వాత పేట చెప్పాడు.

తమ్ముడూ, పని పోదని అబద్ధం చెప్పను. ఒకే అతుకు వేలసార్లు వేసే పని కార్ల ఫ్యాక్టరీల్లో ఎప్పుడో రోబోలకు పోయింది. కానీ ఆర్కు చప్పుడు విని తీగ వేగం తప్పిందని పట్టుకునే చెవి నీకు ట్రేడ్లోనే వస్తుంది. దాంతోపాటు క్యాడ్, రోబో ప్రోగ్రామింగు పట్టు. ఎనిమిది పాసైతే చాలని మన పిల్లల్ని ఈ ట్రేడులోకి పంపినవాళ్లు, ఇక్కణ్ణుంచి ఆ ల్యాబుకు మెట్లు వెయ్యలేదు. మనం అడగాల్సింది ఆ మెట్లు.

ఇంకోటి. వెల్డింగ్ పొగ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో తేల్చింది. ఆ కాలేజీ ల్యాబులో రోబో నెత్తిన పొగ లాగే గొట్టం ఉంది. నాయన షెడ్లో ఫ్యాను కూడా లేదు. కళ్లకు ఆర్కు కొట్టిన రాత్రి అమ్మ బంగాళదుంప ముక్కలు కోసి రెప్పల మీద పెట్టేది. మీ మీ ఐటీఐ వర్క్‌షాపుల్లో పొగ గొట్టం ఉందా, ఉంటే పనిచేస్తోందా, చూసి రాయండి.