కార్నీ దుకాణంలో టీ, మా యింట రక్తహీనత

శనివారం ఉదయం న్యూజెర్సీలోని ఎడిసన్ పట్టణంలో ఓక్‌ట్రీ రోడ్డు మీదకు వెళితే కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి, సోనామసూరి బియ్యపు సంచులు కారులో సర్దుకుంటున్న తెలుగు కుటుంబాలు మీకు కనిపిస్తాయి. మేమూ ఏళ్ళ తరబడి ఆ వీధికి వెళ్ళినవాళ్ళమే. అయితే నెలకొకసారి మాత్రం మా కారు మరో దిక్కుకు, నెవార్క్ నగరం ప్రక్కనున్న కార్నీ అనే ఊరికి సాగేది. అక్కడ మేము కొనేవి ఆంగ్లేయుల సరుకులు. గుంటూరు సీమలో పుట్టి పెరిగిన దంపతులకు ఆంగ్లేయుల టీ పొట్లాలతో, బిస్కత్తులతో పనేమిటని మీరు అడుగవచ్చు. దానికి కొంత వెనుకకు వెళ్ళాలి. ఈ వ్యాసంలో చెప్పబోయేది కొంత రుచికి, కొంత రక్తానికి సంబంధించినది. నేను చేసిన ఒక పెద్ద పొరపాటు కూడా ఇందులో ఉంది.

1972లో వైద్యవిద్య ముగించుకొని ఇంగ్లండు వెళ్ళాను. ఆ రోజులలో అక్కడి ఆసుపత్రులలో భారతదేశం నుంచి వచ్చిన యువవైద్యులు చాలామంది ఉండేవారు. నాకు లాంకషైరులో నూలుమిల్లుల ఊరొకటి దక్కింది. పుట్టు శాకాహారిని. ఆసుపత్రి భోజనశాలలో నేను తినదగినవి రొట్టె, వెన్న, ఉడికించిన బంగాళాదుంప, టమాటా రసంలో నానిన తెల్ల చిక్కుడుగింజలు, ఇంకా మార్మైటు అనే నల్లని జిగురు పదార్థం. చూడడానికి బండి ఇరుసుకు పూసే కందెనలా ఉంటుంది. మొదటిరోజు వాసన చూసి ప్రక్కకు నెట్టాను. నెల తిరిగేసరికి అది లేకపోతే రొట్టె గొంతు దిగేది కాదు. పదకొండు గంటలకు, మరల మూడు గంటలకు వార్డులోకి టీ బండి వచ్చేది. శస్త్రచికిత్సలు ఆగినా ఆగవచ్చును గాని ఆ బండి ఆగేది కాదు.

మరుసటి సంవత్సరం నా భార్య వచ్చింది. ఆమెకు తెలిసిన టీ మన ఇళ్ళలో కాచేది: పాలు, నీళ్ళు, చక్కెర, టీపొడి అన్నీ ఒక గిన్నెలో మరగాలి. పొరుగింటి పెద్దావిడ ఆమెకు ఇంకో విద్య నేర్పింది. కూజాను వేడినీళ్ళతో తొలిచి, ఆకు వేసి, సలసల మరిగే నీళ్ళు పోసి, మూత పెట్టి, నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. ఆ కదలకుండా కూర్చోవడమే కష్టమని మా ఆవిడ అనేది. తొలినాళ్ళలో దానిని 'కషాయం' అని వెక్కిరించిన మనిషి, నాలుగేళ్ళ తరువాత మేము అమెరికా వచ్చేటప్పుడు బట్టలు తీసివేసి పెట్టెలో టీ పొట్లాలు సర్దింది.

ఆమె జాగ్రత్త వృథా కాలేదు. అమెరికాలో టీ అడిగితే గోరువెచ్చని నీళ్ళ కప్పు, సాసరులో దారం కట్టిన సంచీ ఒకటి తెచ్చి యిచ్చేవారు. 1773లో బోస్టను రేవులో టీ పెట్టెలను సముద్రంలో పడవేసినది మొదలు ఈ దేశస్థులు టీని నీళ్ళలో వేయడమే తప్ప కాచడం నేర్వలేదని నేను చమత్కరించేవాడిని. దీనికి భౌతికశాస్త్ర కారణం కూడా ఒకటి ఉంది. బ్రిటనులో గోడ విద్యుత్తు పీడనం సుమారు 240 వోల్టులు. 3 కిలోవాట్ల కెటిలు చిటికెలో నీళ్ళు మరిగిస్తుంది. ఇక్కడ 120 వోల్టులే కనుక కెటిలు శక్తి అందులో సగం, సమయం రెట్టింపు. ఆకు దిగడానికి నీళ్ళు మరగాలి. ఓపిక లేనివాడికి మంచి టీ దొరకదు.

కార్నీ సంగతి అప్పుడే తెలిసింది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి దశాబ్దాలలో స్కాట్లండుకు చెందిన క్లార్క్ దారపు కంపెనీ, నెయిర్న్ లినోలియం కంపెనీ అక్కడ మిల్లులు పెట్టినప్పుడు పెయిస్లీ, కిర్కాల్డీ ఊళ్ళనుంచి పనివారు తరలివచ్చారు. పనివారితో పాటు వారి నాలుకలూ వచ్చాయి. మిల్లులు పోయినా మాంసపు పైలు, వేపిన చేపల అంగళ్ళు, బ్రిటిషు సరుకుల దుకాణాలు మిగిలాయి. మేము వెళ్ళిన దుకాణం ఒక చిన్న గది. యజమానురాలు వృద్ధురాలు. మేము మాంసపు వైపు చూడకుండా నేరుగా టీ అరల దగ్గరకు పోవడం ఆమెకు వింత.

ఆ అరలమీది వస్తువులలో మనకు సంబంధించినవి ఎన్ని ఉన్నాయో చూడండి. హార్లిక్సు మనదే అనుకుంటాము. దానిని 1873లో ఆరంభించినది ఇంగ్లండు నుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు. ఆరంభించినది అమెరికాలోని షికాగో నగరంలో. హెచ్.పి. సాసులో చింతపండు ఉంటుంది. మా ఆవిడ దానిని 'దొరల పులుసు' అనేది. వూస్టరుషైరు సాసులోనూ చింతపండు ఉన్నది గాని, అందులో ఆంకోవీ అనే చేప కూడా ఉన్నది. శాకాహారులు సీసా వెనుక చిన్న అక్షరాలు చదివి మరీ కొనాలి. డైజెస్టివ్ బిస్కత్తులను మనవాళ్ళు జ్వరం తగ్గినవారికి, మధుమేహం ఉన్నవారికి పథ్యంగా పెడతారు. వంటసోడా జీర్ణానికి మంచిదని పూర్వం నమ్మడం వలన వచ్చిన పేరది. ఒక్కొక్క బిస్కత్తులో సుమారు 70 కేలరీలు, చక్కెర, కొవ్వు ఉన్నాయి. నాలుగు తింటే చిన్న భోజనం తిన్నట్లే. మధుమేహం ఉన్న మిత్రులు నన్ను క్షమించాలి.

ఇక టీ. మా యింటి టీ పి.జి. టిప్స్. ఇది మన రెడ్‌లేబుల్, తాజ్‌మహల్ పొడులను అమ్మిన బ్రూక్‌బాండ్ వారిదే. ఆ కంపెనీని 1869లో మాంచెస్టరులో స్థాపించినది ఆర్థర్ బ్రూక్. బాండు అనే మనిషి ఎవరూ లేడు, పేరు బాగుంటుందని తగిలించుకున్నాడు. 1930 ప్రాంతంలో వారు ఈ టీని 'ప్రిజెస్టీ' అనే పేరుతో అమ్మారు. భోజనానికి ముందు త్రాగితే అరుగుదలకు మంచిదని ఆ పేరులోని భావం. అంగళ్ళవారు దానిని పి.జి. అని కుదించారు. భోజనానికి ముందు అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. నేను గుర్తుంచుకోలేదు.

మార్మైటు గురించి నాలుగు మాటలు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. బీరు తయారీలో మిగిలిపోయే ఈస్టునుంచి దీనిని 1902 నుంచి ఇంగ్లండులోని బర్టన్ ఊరిలో చేస్తున్నారు. 1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, గర్భవతులైన పేద స్త్రీలలో, ముఖ్యంగా మిల్లు కార్మికులలో, తీవ్రమైన రక్తహీనతను పరిశోధించింది. వారి రక్తంలో ఎర్రకణాలు మామూలుకంటే పెద్దవిగా ఉండేవి. ఖరీదైన మందులు కాక, చవకైన ఈస్టుసారం ఇస్తే ఆ స్త్రీలు కోలుకున్నారు. 1931లో ఆమె ఆ ఫలితాలను ప్రచురించింది. ఆ సారంలో ఉన్న పదార్థం ఫోలికామ్లమని తరువాత తేలింది. 1945లో దానిని కృత్రిమంగా తయారుచేసిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడా ఆ ఫోలికామ్లమే చికిత్స అయింది. ఆ ప్రయోగశాల ఉన్న పెర్ల్ రివరు ఊరు కార్నీ నుంచి కారులో గంట లోపు ప్రయాణం. మార్మైటు సీసా సంచిలో వేసుకున్నప్పుడల్లా నేను ఈ కథ చెప్పేవాడిని. మా ఆవిడ వందోసారి కూడా వినేది.

ఇప్పుడు నా పొరపాటు.

2008లో ఆమెకు 60 ఏళ్ళు. మెట్లు ఎక్కితే ఆయాసం వస్తున్నదని అంటే వయస్సు అన్నాను. పనిపిల్ల రాలేదని అలసట అనుకున్నాను, అమెరికాలో పనిపిల్ల ఎక్కడిదని అడగకండి. మన మనస్సు పాత ఊరి సాకులే వెదుకుతుంది. చివరకు రక్తపరీక్ష చేయిస్తే హీమోగ్లోబిన్ 9.4 ఉన్నది. ఎర్రకణాలు చిన్నవిగా ఉన్నాయి. ఇనుము నిల్వను సూచించే ఫెరిటిన్ అడుగంటింది. లూసీ విల్స్ చూసినది పెద్ద కణాల రక్తహీనత. ఇది చిన్న కణాలది, ఇనుము లోపం వలన కలిగేది. మార్మైటు దీనికి మందు కాదు.

కారణం నాకు వెంటనే దొరికింది. టీలో ఉండే టానిన్లు, ఇతర పాలీఫినాళ్ళు ప్రేగులో ఇనుముతో జతకట్టి దానిని రక్తంలోకి పోనివ్వవు. ఆకుకూరలు, పప్పుల నుంచి వచ్చే ఇనుముకు ఈ బెడద ఎక్కువ. మాంసంలోని ఇనుముకు తక్కువ. భోజనంతో పాటు చిక్కని టీ త్రాగితే శాకాహారపు ఇనుము గ్రహింపు సగానికి పైగా పడిపోవచ్చును. పాలు కలిపినంత మాత్రాన ఆ దోషం పోదు. మా ఆవిడ ఇడ్లీతో ఒక కప్పు, మధ్యాహ్నం అన్నం తిన్న వెంటనే ఒక కప్పు, రాత్రి చపాతీతో ఒక కప్పు త్రాగేది. ఇంకేమి కావాలి? దోషి దొరికింది. భోజనానికి గంట ముందు, గంట తరువాత టీ నిషేధించాను. అన్నంలో నిమ్మరసం పిండుకోమన్నాను. సి విటమిను ఇనుము గ్రహింపును పెంచుతుంది. ఇనుప మాత్రలు మొదలుపెట్టాను. రెండు నెలలలో హీమోగ్లోబిన్ 11కు పెరిగింది. స్నేహితులకు ఫోను చేసి మరీ చెప్పాను.

నేను చెప్పిన శాస్త్రంలో తప్పు లేదు. చేసిన పని తప్పు. మత్తువైద్యుడిని, ముప్పై ఏళ్ళుగా రోగులను నిద్రపుచ్చి లేపడమే నా వృత్తి. ఇంటివారికి ఇంటివాడు వైద్యం చేయరాదన్న నియమం తెలిసీ మీరాను.

మా స్నేహితుల అమ్మాయి అప్పుడే అంతరంగ వైద్యంలో శిక్షణ ముగించింది. ఒక పండుగనాడు మా యింట నేను ఈ టీ కథ గొప్పగా చెపుతుంటే విని, "అంకుల్, ఆంటీ ముప్పై ఐదేళ్ళుగా టీ త్రాగుతున్నారు కదా. ఇప్పుడే ఎందుకు తగ్గింది?" అన్నది. నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు. "లోపలికి రాని ఇనుము సంగతి సరే, బయటకు పోయే ఇనుము సంగతి చూశారా?" అన్నది. ఆంటీకి కొలనోస్కోపీ ఎప్పుడు చేయించారని అడిగింది. ఎప్పుడూ చేయించలేదు. యాభై దాటినవారికి చేయాలని నేను ఎందరికో చెప్పాను. శాకాహారులము, మన యింట ఎవరికీ లేదు అనుకొని వాయిదా వేశాను.

పెద్దప్రేగు మొదటి భాగంలో, కుడివైపున, కంతి ఉన్నది. క్యాన్సరు. అక్కడి కంతులు త్వరగా దారి మూసివేయవు, నొప్పి ఉండకపోవచ్చు. రక్తం కంటికి కనిపించనంత కొద్దికొద్దిగా నెలల తరబడి కారుతుంది. పైగా ఇనుప మాత్రలు మలాన్ని నల్లబరుస్తాయి కనుక, రంగు మారినా మాత్రల వలన అనుకొని ఊరుకుంటాము. నేను ఇచ్చిన మాత్రలు రక్తాన్ని పెంచాయి, జాడను కప్పాయి. ఆ రెండు నెలలలో నేను నా తెలివికి మురిసిపోతూ ఉన్నాను.

శస్త్రచికిత్స జరిగింది. చుట్టుప్రక్కల గ్రంథులకు వ్యాధి ప్రాకలేదు. నాలుగవ నాడు ద్రవాహారం ఇవ్వవచ్చునన్నారు. ఏమి కావాలని అడిగాను. "ఏమండీ, ఇప్పుడు నేను భోజనం చేయడం లేదు గదా, టీ త్రాగవచ్చునా?" అన్నది. ఇంటికి వెళ్ళి కూజా తొలిచి, ఆకు వేసి, నాలుగు నిమిషాలు కదలకుండా కూర్చొని, ఫ్లాస్కులో పోసి తెచ్చాను. ఆ నాలుగు నిమిషాలు అంత పొడవుగా నాకు మునుపెన్నడూ అనిపించలేదు.

మీలో చాలామంది రక్తం తక్కువని ఇనుప మాత్రలు మ్రింగుతూ ఉంటారు. వాటిని టీతో, కాఫీతో మ్రింగకండి. ఋతుస్రావం, కాన్పులు ఉన్న స్త్రీలలో ఇనుము తగ్గడానికి కారణం తరచు అక్కడే ఉంటుంది. చెప్పులు లేకుండా పొలంలో తిరిగేవారిలో కొంకిపురుగులు కారణం కావచ్చు. కాని ముట్లు ఉడిగిన స్త్రీలోగాని, ఏ వయస్సు పురుషునిలోగాని ఇనుము లోపం కనిపించినప్పుడు, కడుపులోనో ప్రేగులలోనో రక్తం కారుతున్నదా అని వెదకిన తరువాతే టీని, ఆహారాన్ని నిందించాలి. మాత్రలకు హీమోగ్లోబిన్ పెరగడం ఇనుము చాలలేదని చెపుతుంది. ఎందుకు చాలలేదో చెప్పదు. అమెరికాలో 2021 నుంచి, లక్షణాలేమీ లేనివారికి కూడా 45 ఏళ్ళకే పెద్దప్రేగు పరీక్షలు మొదలుపెట్టాలని సూచిస్తున్నారు. కొలనోస్కోపీ దొరకని చోట మలంలో దాగిన రక్తాన్ని కనుగొనే పరీక్ష చేయించుకోవచ్చును. అది చవక, నొప్పి లేనిది. అందులో రక్తం కనిపిస్తే మాత్రం కొలనోస్కోపీ తప్పదు.

మార్మైటు ప్రియులకు ఒక మాట. అందులో దాదాపు పదవ వంతు ఉప్పే. రక్తపోటు ఉన్నవారు రొట్టెకు అంటీ అంటనట్లు రాసుకోవాలి. మానసిక వ్యాధులకు ఎం.ఎ.ఓ. నిరోధకాలనే మందులు వాడేవారు అసలు ముట్టుకోరాదు.

కార్నీ దుకాణపు వృద్ధురాలు కొన్నేళ్ళ క్రిందట అంగడి మూసివేసింది. చివరిసారి వెళ్ళినప్పుడు అరలు సగం ఖాళీగా ఉన్నాయి. మిగిలిన టీ పెట్టెలన్నీ మా ఆవిడ కొన్నది. డబ్బు తీసుకుంటూ, మీరు ఎప్పుడూ మా పైలు ఒక్కటీ రుచి చూడలేదని ఆ యజమానురాలు నిష్ఠురమాడింది. ఇప్పుడు ఆ టీ ఓక్‌ట్రీ రోడ్డులోనే, కందిపప్పు ప్రక్క అరలో దొరుకుతుంది. మధ్యాహ్న భోజనం పన్నెండున్నరకు. నాలుగు గంటలకు కెటిలు పెట్టే పని నాది.