గణకయంత్రము – గ్రీష్మతాపము

ఇంటిలోని కంప్యూటరు మగపిల్లల వస్తువనియు, దాని జోలి మనకు వలదనియు పెక్కండ్రు సోదరీమణులు తలంచుచున్నారు. అది యే గదిలో నుండవలెనో, దానిపై నేమి కప్పవలెనో, ధూళి యెప్పుడు తుడువవలెనో నిర్ణయించువారము మాత్రము మనమే గదా! ఆ యంత్రపు టాయువు ఈ మూఁటిపైఁ జాలవఱకు ఆధారపడియున్నది.

ప్రాసెసరు కంప్యూటరునకు మెదడు వంటిది. చేసినవారు నియమించిన వేగమును మించి దానిని నడపుటకే ఓవర్‌క్లాకింగు అని పేరు. ఆటలును వీడియో కూర్పును త్వరగా సాగునని కుఱ్ఱవాండ్రు దీనికై ఉవ్విళ్లూరుదురు. మా యింటఁ జీటీ పాడిన సొమ్ముతోఁ గొన్న కంప్యూటరొకటి యున్నది. మావారి ప్రశ్నపత్రములు, అమ్మాయి చదువు, ఇంజనీరింగు చదువుచున్న మా అక్కగారి కుమారుని యాటలు, అన్నియు దానిమీఁదనే. "పిన్నీ, వేగం పెంచి అయిదు నిమిషాలు పరీక్షించాను, ఏమీ కాలేదు" అని వాఁడు సంక్రాంతి సెలవులలోఁ జెప్పెను. పుష్యమాసపు రాత్రి చేసిన పరీక్ష వైశాఖపు మధ్యాహ్నమునకుఁ బనికివచ్చునా యని మే మడిగితిమి.

వాఁడును మేమును గాగితముపై లెక్క వేసితిమి. వేగము పెంచినపుడు యంత్రము తడఁబడకుండుటకై ఓల్టేజిని గూడఁ బెంచవలసి వచ్చును. చిక్కంతయు నచ్చటనే యున్నది. వేగము రెట్టింపైన వేడి రెట్టింపగును గాని, ఓల్టేజి రెట్టింపైన వేడి నాలుగింతలగును. 1.20 ఓల్టులను 1.35 చేసి, వేగమును నూటికి 10 పాళ్లు పెంచితి మనుకొందము. వేడి నూటికి సుమారు 39 పాళ్లు పెరుగును. పది పాళ్ల లాభమునకు ముప్పదితొమ్మిది పాళ్ల వెల! ఏ యిల్లాలు సంతలో నిట్టి బేరమున కొప్పుకొనును?

దీనిపై గది వేడి చేరును. ఫ్యానైనను, నీటి గొట్టములతోఁ జల్లార్చు సాధనమైనను ప్రాసెసరును గదిగాలికన్నఁ జల్లగాఁ జేయఁజాలదు. మామూలు వేగమున నది గదికన్న 40 డిగ్రీలు హెచ్చుగా వేడెక్కునదైనచో, పై విధముగాఁ బెంచిన పిదప 56 డిగ్రీలు హెచ్చును. 24 డిగ్రీల ఏ.సి. గదిలో 80 వద్ద నిలుచును. మన శ్రీకాకుళపుఁ బెంకుటింటి ముందుగదిలో మే నెల మధ్యాహ్నము 36 డిగ్రీలున్నచో 92 అగును. 95, 100 డిగ్రీల ప్రాంతమున నేఁటి ప్రాసెసర్లు తమ్ముఁ దాము కాపాడుకొనుటకై వేగమును దగ్గించుకొనును. చలిదేశములవారు చూపిన యంకెలను మన గదిలోఁ బాటించినచో, కష్టపడి పెంచిన వేగము మనకు దక్కకయే పోవచ్చును. 2011లో ఏ.ఎం.డి. వారి ఎఫ్.ఎక్స్. ప్రాసెసరును 8.4 గిగాహెర్ట్‌జులకు మించి పరుగెత్తించిరి. అందులకు మిక్కిలి శీతలమైన ద్రవములను బోయవలసి వచ్చెను. అది సూర్యునివైపునకు సంపాతి యెగిరిన యెగురు వంటిది, గృహస్థుల పని గాదు.

ఎయిర్ కూలరు ప్రక్కనుంచినఁ జాలదా యని కొంద ఱడుగుదురు. నీరావిరి యగుటచేతనే కూలరు గాలిని జల్లబఱచును. బొబ్బిలి వంటి లోపలి యూళ్లలోఁ బొడిగాలి వీచునాళ్ల నది కొంత మేలు. కళింగపట్నము, భావనపాడు వంటి తీరపు టూళ్లలో గాలియే చెమ్మతో నిండియుండఁగా నావిరి యెట్లగును? పైఁగా నా చెమ్మయు నుప్పుగాలియుఁ గలిసి లోపలి లోహమును దినివేయును.

మన చేతిలోని పనులు వేఱే యున్నవి. ముచ్చటగా నల్లిన లేసుగుడ్డను పెట్టెపైఁ గప్పుట పలు ఇండ్లలోఁ జూచుచున్నాము. పైభాగపు రంధ్రములు మూసికొనిపోవును. యంత్రము నడచునపుడు దానిని దీసివేయవలెను. వెనుకవైపు గోడకు జానెడెడమైన నుండవలెను. పోపు పొగ తగులు గోడప్రక్కను, అగరువత్తులు వెలుఁగు పూజగదిచెంతను ఉంచరాదు. నూనెజిడ్డు పట్టిన ఫ్యాను ధూళిని మఱింత పట్టుకొనును. జనపనార మిల్లున్న నెల్లిమర్ల వంటి యూళ్లలో నారదుమ్మును గూడఁ గనిపెట్టవలెను. నెలకొకమాఱు కరెంటు తీసివేసి, ఫ్యాను తిరుగకుండఁ బట్టుకొని, మెత్తని కుంచెతోఁ దుడిచిన నాలుగైదు డిగ్రీలైనఁ దగ్గుట మా యింటఁ గన్నులారఁ జూచితిమి. ప్రాసెసరునకును దానిపై లోహపు దిమ్మకును నడుమ పూయు పేస్టు బఠాణీగింజంత చాలును. కాటుకవలెఁ బలుమాఱు పూయఁ బనిలేదు.

వేడి యొక్కటియే కొలత గాదు. ఇంటెల్ వారి 13, 14వ తరముల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అధిక ఓల్టేజిచేఁ జెడుచున్నవని 2024లో ఆ కంపెనీవారే యొప్పుకొని, దిద్దుబాటు నిచ్చి, వారంటీని రెండేండ్లు పొడిగించిరి. మనంతట మనము పెంచిన ఓల్టేజికి వారంటీ వర్తింపకపోవచ్చును.

మా లెక్కలో నింకొక దారియుఁ గనఁబడినది. వేగమును మామూలుగనే యుంచి, 1.20 ఓల్టులను 1.10కి దింపినచో వేడి నూటికి 16 పాళ్లు తగ్గును. ప్రతి ప్రాసెసరును దీనికి లొంగదు. కొంచెము కొంచెముగా దింపుచు, మధ్యాహ్నపుటెండవేళ నరగంటసేపు గట్టి పని యిచ్చి, తెరపై నుష్ణోగ్రతను జూచుచుండవలెను. మా యంత్రము లొంగినది. కుఱ్ఱవాఁడు మొదట మూతి ముడుచుకొనెను. తుదకుఁ గార్తీకమునుండి మాఘము వఱకు వాని వేగము, ఫాల్గుణమునుండి మా ఓల్టేజి యని యొడంబడిక యైనది. ఈ రెండమరికలును బయాసులో వేఱువేఱు పేర్లతో భద్రపఱుపఁబడియున్నవి.