ఆటో వస్తే ఏడ్చే తిత్లీ

ఫలక్‌నుమా దిగి కాశీబుగ్గ దాటుతుంటే జీడిపిక్కల వాసన వచ్చింది. ఆ వాసన తగిలిందంటే నాకు ఇంటికొచ్చేసినట్టే. ఈసారి మాత్రం రెండు వారాలు సెలవు పెట్టి వచ్చింది పండక్కి కాదు, మా కుక్క కోసం. ఆఫీసులో ఆ మాట చెప్పలేక 'ఇంట్లో పనుంది' అన్నాను.

వజ్రపుకొత్తూరు మండలంలో, సముద్రానికి దగ్గర్లో మా ఊరు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను ఉద్దానం కొబ్బరినీ, జీడినీ నేలకూల్చింది. పడిపోయిన జీడిచెట్టు కింద నాన్నకి ఓ కుక్కపిల్ల దొరికింది. అందుకే దాని పేరు తిత్లీ. పొద్దున్న నాన్నతో తోటకి, సాయంత్రం సముద్రం ఒడ్డుకి. ఇన్నేళ్లూ దానికి తెలిసింది అదే.

నిరుడు నాన్నకి డయాలసిస్ మొదలైంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. వారానికి మూడు రోజులు, తెల్లారకముందే అమ్మా నాన్నా ఆటోలో పలాస వెళ్తారు. మెషిన్ మీదే నాలుగు గంటలు. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. తోట షికారు ఆగిపోయింది, తిండి వేళ తప్పింది. తిత్లీ తలుపు గీకడం, చెప్పులు కొరకడం, మోర ఎత్తి ఏడవడం మొదలెట్టింది.

ఆ ఏడుపుతోనే గొడవ. కుక్క ఏడిస్తే చావు కబురంటారు కదా. "రోగం మనిషున్న ఇంట్లో ఆ ఏడుపేటి? ఎక్కడైనా వదిలీండి" అందట పక్కింటి అప్ప. అమ్మ భయపడిపోయింది. నాన్న మాత్రం, "నేను చచ్చిపోతానని కాదే, నన్ను తీసుకుపోతన్నారని ఏడుస్తంది" అన్నాడు.

ముందు బావ కారులో టెక్కలి తీసుకెళ్లి పశువుల డాక్టరుకి చూపించాం. ఒంట్లో నొప్పి ఉన్నా కుక్కలు ఇలా చేస్తాయి కదా. ఏ జబ్బూ లేదన్నారు. తిరిగొస్తుంటే హైవే మీద గ్రానైట్ లారీలు వెళ్తున్నా పట్టించుకోలేదు. ఆటో కనబడితే మాత్రం మూలిగింది. దానికి ఆటో అంటే నాన్న వెళ్లిపోవడమే!

మా వీధి ఆటో అన్నయ్యని బతిమాలాను. రోజూ సాయంత్రం మా గుమ్మం ముందు ఇంజన్ ఆపకుండా కాసేపు ఆగేవాడు. ఎవరూ ఎక్కేవాళ్లం కాదు. ఆ కాసేపూ తిత్లీకి ఉడికించిన గుడ్డు ముక్కలు. తర్వాత ఆసుపత్రి సంచి తీసి, మళ్లీ అక్కడే పెట్టేవాళ్లం. ఆ తర్వాత అందరం బయటికెళ్లి ఒక నిమిషానికి తిరిగొచ్చాం. మర్నాడు రెండు, తర్వాత ఐదు. ఏడిస్తే మరుసటిసారి సమయం తగ్గించాం. తిట్టలేదు. చెప్పు కొరికిన గంటకి తిడితే, ఎందుకు తిట్టారో దానికేం తెలుస్తుంది? భయం పెరుగుతుందంతే.

డయాలసిస్ రోజుల్లో దాన్ని ఒంటరిగా వదలకుండా పిన్ని ఇంట్లో ఉంచాం. ఆటో రాకముందే నేను తోటలో తిప్పి, తిండి పెట్టేవాణ్ణి. నాన్న పాత తువ్వాలు దాని చోట పరిచాం.

ఇంకో చిక్కుంది. నాన్న రాగానే మీదికి ఎగిరేది. ఆయన ఎడం చేతికి ఫిస్టులా ఉంది, గోరు తగిలితే ప్రమాదం. అందుకని తిత్లీ కూర్చుంటేనే నాన్న కుడిచేత్తో నిమిరేలా అలవాటు చేశాం. అది నాలుగు రోజుల్లో నేర్చుకుంది. ఎడం చెయ్యి చాపకుండా ఉండడానికి నాన్నకే వారం పట్టింది.

నా సెలవు అయిపోయేసరికి ఇరవై నిమిషాలు ఏడవకుండా ఉండగలిగింది. మిగతాది పిన్ని కొడుకుకి అప్పజెప్పి వచ్చాను. మొన్న అమ్మ ఫోన్లో చెప్పింది, పక్కింటి అప్ప "ఏటి, మీ కుక్క ఏడుపు ఇనబడ్డం లేదు?" అని అడిగిందట.

వచ్చే ముందురోజు సాయంత్రం నాన్నతో సముద్రం వైపు నడిచాను. ఇప్పుడాయన మొగలి పొదల దాకానే నడవగలరు. ఒకప్పుడు అక్కణ్ణించి అలల దాకా పరిగెత్తే తిత్లీ, ఆయన ఆగగానే ఆగింది. కుడివైపు వచ్చి కూర్చుంది.