బిడ్డకు తల్లిపాలు, తల్లికి ఇంటి తోడు

తల్లిపాల ప్రాశస్త్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు మనం తప్పకుండా సూరె బఖరాలోని 233వ ఆయత్‌ను ప్రస్తావిస్తాం. పాలిచ్చే కాలాన్ని పూర్తి చేయదలచిన పక్షంలో తల్లులు రెండు నిండు సంవత్సరాలు బిడ్డలకు పాలివ్వాలన్న మాట వరకు చెప్పి అక్కడితో ఆగిపోతాం. కాని ఆయత్ అక్కడ ఆగదు. వెంటనే తండ్రి వైపు తిరుగుతుంది. పాలిచ్చే తల్లికి తిండి, బట్ట ధర్మబద్ధంగా సమకూర్చే బాధ్యత అతనిదని చెబుతుంది. ఎవరి మీదా శక్తికి మించిన భారం మోపరాదంటుంది. బిడ్డ కారణంగా తల్లిని గాని, తండ్రిని గాని బాధించరాదంటుంది. తండ్రి లేకపోతే ఆ బాధ్యతను వారసుని మీద ఉంచుతుంది. పాలు మాన్పించాలన్నా ఇద్దరూ సంప్రదించుకొని, పరస్పర అంగీకారంతో నిర్ణయించుకోవాలంటుంది. అంటే మొదటి మాట తల్లిని గురించి, మిగిలినదంతా ఆమె చుట్టూ ఉన్నవారిని గురించి.

ఈ ఆయత్ విడాకుల ఆదేశాల మధ్య వచ్చిందన్న సంగతి కూడా గమనించదగినది. దాంపత్యం తెగిపోయిన చోటనే పాలిచ్చే స్త్రీ పోషణ తెగిపోకూడదని దైవం శాసించినప్పుడు, ఒకే కప్పు కింద కలిసి కాపురం చేస్తున్న మన ఇళ్లలో ఆ బాధ్యత ఇంకెంత బలమైనదై ఉండాలి!

నేను వైద్యురాలిని కాను. చాలాకాలం బడిలో జీవశాస్త్రం బోధించాను. ఆ అలవాటు వల్ల తల్లిపాలపై వెలువడిన పరిశోధనలను ఆసక్తితో చదువుతుంటాను. చదివే కొద్దీ, ఆధునిక విజ్ఞానం కూడా ఈ ఆయత్ చూపిన దారిలోనే వచ్చి నిలిచిందని నాకు అనిపిస్తుంది.

మొదట పాల సంగతి చూద్దాం. కాన్పు అయిన వెంటనే వచ్చే చిక్కని, పసుపు పచ్చని ముర్రుపాలలో రోగాలతో పోరాడే ప్రతిరక్షకాలు సమృద్ధిగా ఉంటాయి. అవి పసిగుడ్డు పేగుల లోపలి పొరను పూతలా కప్పి, సూక్ష్మక్రిములు అంటుకోకుండా కాపాడతాయి. మరొక విశేషం: తల్లిపాలలో బిడ్డ తన సొంత శక్తితో జీర్ణించుకోలేని కొన్ని చక్కెరలు గణనీయమైన పాళ్లలో ఉన్నాయి. బిడ్డకు అరగని పదార్థాన్ని తల్లి శరీరం ఎందుకు తయారు చేస్తున్నట్టు? అది బిడ్డ పేగుల్లో పెరగవలసిన మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. బిడ్డకే గాక, బిడ్డను కాపాడే కంటికి కనిపించని కావలివారికి కూడా అదే పాలలో భోజనం ఏర్పాటైంది. సుబ్హానల్లాహ్!

ఆఫ్రికాలోని ఘనా దేశంలో దాదాపు 11 వేల మంది శిశువులను పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనం, పుట్టిన గంటలోపే పాలు పట్టిస్తే నవజాత శిశు మరణాలలో 22 శాతం నివారించవచ్చని అంచనా వేసింది. ప్రపంచవ్యాప్తంగా తల్లిపాలు తగినంతగా అందితే ఏటా 8 లక్షలకు పైగా పిల్లల ప్రాణాలు నిలుస్తాయని 2016లో ‘లాన్సెట్’ వైద్య పత్రిక ప్రచురించిన వ్యాసాలు లెక్కగట్టాయి.

మేలు బిడ్డకు మాత్రమే పరిమితం కాదు. బిడ్డ చీకినప్పుడు తల్లి దేహంలో విడుదలయ్యే ఆక్సిటోసిన్ అనే హార్మోను పాలను బయటికి నెట్టడంతో పాటు గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసి, కాన్పు తర్వాతి రక్తస్రావాన్ని తగ్గిస్తుంది. 30 దేశాల్లో జరిగిన 47 అధ్యయనాలను కలిపి 2002లో చేసిన విశ్లేషణలో, ఒక స్త్రీ జీవితంలో పాలిచ్చిన ప్రతి 12 నెలలకు రొమ్ము క్యాన్సర్ ముప్పు 4.3 శాతం చొప్పున తగ్గుతున్నట్టు తేలింది. పాలిచ్చిన తల్లుల్లో అండాశయ క్యాన్సర్, మధుమేహం కూడా తక్కువగా కనిపిస్తున్నాయి.

ఇన్ని మేలులున్నా తల్లులు మధ్యలోనే ఎందుకు ఆపేస్తున్నారు? ఈ ప్రశ్నకు నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది బెలారస్ దేశంలో జరిగిన పరిశోధన. కొందరు పిల్లలకు తల్లిపాలు, కొందరికి డబ్బాపాలు ఇమ్మని చీట్లు తీసి నిర్ణయించడం న్యాయం కాదు గనుక, పరిశోధకులు మరో మార్గం ఎంచుకున్నారు. 31 ఆసుపత్రులను రెండు వర్గాలుగా విభజించారు. ఒక వర్గంలో సిబ్బందికి పాలిచ్చే తల్లులకు ఎలా తోడ్పడాలో శిక్షణ ఇచ్చారు. రెండవ వర్గంలో ఎప్పటి పద్ధతినే కొనసాగించారు. 17 వేల మందికి పైగా తల్లీబిడ్డలు ఇందులో పాల్గొన్నారు. అందరూ పాలివ్వడం మొదలుపెట్టినవారే. మూడు నెలలు గడిచేసరికి సాయం అందిన తల్లుల్లో 43.3 శాతం మంది బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ ఇవ్వకుండా కొనసాగించగలిగారు. సాయం అందని చోట అలా కొనసాగించినవారు 6.4 శాతమే! మొదటి ఏడాదిలో విరేచనాల వంటి జీర్ణకోశ వ్యాధుల బారిన పడిన పిల్లలు రెండవ వర్గంలో 13.2 శాతం ఉంటే, మొదటి వర్గంలో 9.1 శాతం. శ్వాసకోశ వ్యాధుల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని కూడా వారు నిజాయితీగా రాశారు.

దేశం ఒక్కటే, తల్లులూ ఒకే తీరువారు. మారినది వారి పక్కన నిలబడిన మనుషుల తీరు మాత్రమే. ఇప్పుడు ఆ ఆయత్‌ను మళ్లీ చదవండి.

మన సంగతికి వద్దాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 88.6 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. అయినా పుట్టిన గంటలోపు తల్లిపాలు అందుతున్న పిల్లలు 41.8 శాతమే. సిజేరియన్ కాన్పులు తెలంగాణలో 60.7 శాతానికి, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతానికి చేరాయి. కుట్ల నొప్పితో పక్కకు తిరగలేని తల్లి ఒక గదిలో, బిడ్డ మరొక చోట ఉంటే ఆ విలువైన మొదటి గంట చేజారిపోతుంది. నడుముకు మత్తు ఇచ్చినా తల్లి స్పృహలోనే ఉంటుంది గనుక, ఎవరైనా బిడ్డను అందించి పట్టుకుంటే చాలావరకు పాలు పట్టించవచ్చు. ఆ ‘ఎవరైనా’ ఉన్నారా లేరా అన్నదే ప్రశ్న.

మా కోడలి తొలి కాన్పు కూడా సిజేరియనే. రెండవ రాత్రి బిడ్డ ఎడతెగకుండా ఏడుస్తుంటే, ఆసుపత్రిలోని ఒకరు “పాలు చాలడం లేదు, డబ్బా తెప్పించండి” అని తేల్చేశారు. చూడవచ్చిన పెద్దావిడ ఒకరు పసుపు పాలను పిండి పారబోయమన్నారు. ఆ పిల్ల ముఖం వాడిపోయింది. నన్ను చూసి, “అమ్మీ, నావల్ల కాదేమో” అంది. “మొదటి రోజుల్లో వచ్చేవి కొద్దిపాటి పాలేనమ్మా, బిడ్డకూ కొద్దిగానే కావాలి. చీకే కొద్దీ వస్తాయి” అని నేను ధైర్యం చెప్పాను. అనుభవం గల నర్సు ఒకామె వచ్చి, బిడ్డ నోరు పెద్దగా తెరిచాక చనుమొన ఒక్కటే గాక చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోటిలోకి వెళ్లేలా, కుట్లకు తగలకుండా బిడ్డను పక్కగా పట్టుకోవడం నేర్పింది. పాలు పట్టిన ప్రతిసారీ బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం మా అబ్బాయి తన పనిగా పెట్టుకున్నాడు. అయిదవ రోజుకు పాలు బాగా పడ్డాయి. బిడ్డ రోజుకు ఆరుసార్లకు పైగా మూత్రం పోస్తుండడంతో పాలు చాలుతున్నాయన్న నిబ్బరం కూడా కలిగింది. మొదటి రోజుల్లో బిడ్డ బరువు కాస్త తగ్గి, సుమారు రెండు వారాల్లో తిరిగి పుంజుకోవడం సహజమని వైద్యులు చెప్పారు.

భయం, నొప్పి, అవమానం పాలు దిగడాన్ని అడ్డుకుంటాయని శాస్త్రం చెబుతోంది. “నీకు పాలు లేవు” అన్న ఒక్క మాట ఆ తల్లికి నిజంగానే పాలు అందకుండా చేయగలదు. నాలుకను అదుపులో ఉంచుకోమన్న ధర్మం బాలింత గదిలో మరింత వర్తిస్తుంది.

మన ఇళ్లలో మరో విషయం ఉంది. బిడ్డ పుట్టగానే ఖర్జూరాన్ని నమిలి మెత్తగా చేసి అంగిటికి రాయడం, అంటే తహ్నీక్, దైవప్రవక్త (స) ఆచరించిన సంప్రదాయం. హజ్రత్ అస్మా (రజి) కుమారుడైన అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)కి ఆయన తహ్నీక్ చేసిన సంగతి హదీసుల్లో ఉంది. శుభ్రమైన చేతితో అంగిటికి తాకించే ఆ కాస్త తీపి వేరు; ముర్రుపాలు పారబోసి, రోజుల తరబడి తేనె, ఘుట్టీ, చక్కెర నీళ్లు తాగించడం వేరు. ఏడాది నిండని పిల్లలకు తేనె పెడితే అందులో ఉండగల ఒక రకం సూక్ష్మజీవి వల్ల ప్రాణాంతకమైన వ్యాధి రావచ్చని వైద్యులు హెచ్చరిస్తున్నారు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, జబ్బుపడిన బిడ్డ విషయంలో తహ్నీక్‌కు ముందు కూడా వైద్యుణ్ణి అడగడం మంచిది.

ఇక తల్లి తిండి. పాలిచ్చే స్త్రీకి మొదటి ఆరు నెలలు రోజుకు సుమారు 600 కేలరీలు అదనంగా కావాలని భారత వైద్య పరిశోధనా మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తున్నాయి. చిల్లా గడిచేవరకు పథ్యం పేరుతో పప్పు, కూరలు, చివరకు మంచినీళ్లు కూడా కట్టడి చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. తండ్రి మీద దైవం ఉంచిన పోషణ బాధ్యత ఆమె కంచం దగ్గరే మొదలవుతుంది. రమజాన్‌లో కూడా గర్భిణికి, పాలిచ్చే తల్లికి దైవప్రవక్త (స) ఉపవాసం నుండి వెసులుబాటు తెలియజేశారు. తర్వాత ఎలా తీర్చుకోవాలో ధర్మవేత్తలను అడిగి తెలుసుకోవచ్చు. కాని ఆమె చాటుగా, సిగ్గుపడుతూ తినవలసిన పరిస్థితి ఇంట్లో ఉండకూడదు.

ఈ బాధ్యత ఇంటి గడప దాటి ప్రభుత్వం దాకా వెళుతుందని చెప్పే ఉదంతం మన చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఒక రాత్రి మదీనాలో విడిది చేసిన వర్తకులకు కాపలా కాస్తున్న ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి)కి పదే పదే ఒక పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లిని అడిగితే, ఆయన ఎవరో తెలియక ఆమె ఉన్నమాట చెప్పింది: పాలు మానిన పిల్లలకే ఉమర్ భత్యం ఇస్తాడు, అందుకే ముందుగానే మాన్పిస్తున్నాను అని. ఆనాటి ఫజ్ర్ నమాజులో ఆయన ఎంతగా విలపించారంటే, ఖుర్ఆన్ పారాయణం వెనుకనున్నవారికి స్పష్టంగా వినపడలేదట. పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టిననాటి నుండే భత్యం ఇస్తామని ఆ వెంటనే చాటింపు వేయించారు. ఆయన ఆ తల్లిని నిందించలేదు. ఆమెను ఆ పనికి పురిగొల్పిన విధానాన్ని మార్చారు.

మన దేశంలో 2017లో చట్టాన్ని సవరించినప్పటి నుండి ఉద్యోగినులకు మొదటి ఇద్దరు పిల్లల కాన్పులకు 26 వారాల చొప్పున వేతనంతో కూడిన సెలవు లభిస్తోంది. కాని ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీకి, కుట్టుమిషన్ తొక్కే స్త్రీకి ఆ సెలవు ఎవరిస్తారు? వారి విషయంలో భర్త, అత్తమామలు, ఆడపడుచులే చట్టం. ఆరు నెలల పాటు తల్లిపాలు మాత్రమే, ఆ పైన తగిన ఆహారంతో పాటు రెండేళ్లు, ఆ తర్వాతా తల్లిపాలు కొనసాగించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ కాలమంతా నీళ్లు మోసేవారు, వంట చూసేవారు, పెద్ద పిల్లలను బడికి పంపేవారు ఇంట్లో ఉంటేనే అది సాధ్యం.

ఎంత ప్రయత్నించినా పాలివ్వలేని తల్లులు, అనారోగ్యం వల్ల ఇవ్వకూడని తల్లులు కూడా ఉంటారు. వారి కోసమే అదే ఆయత్ మరొకరిచేత పాలిప్పించే వెసులుబాటును ఉంచింది. వైద్యుల సలహాతో ఇతర ఏర్పాటు చేసుకునే తల్లిని దెప్పిపొడిచే హక్కు ఎవరికీ లేదు. బిడ్డ కారణంగా తల్లిని బాధించరాదన్న ఆదేశం ఆమెకూ రక్షణే.

కాబట్టి ఇంట్లో కాన్పు దగ్గరపడినప్పుడు ఉయ్యాల, కొత్త బట్టలతో పాటు మరో ఏర్పాటు కూడా చేసుకుందాం. మొదటి గంటలో బిడ్డను తల్లి రొమ్ముకు అందించేదెవరు, రాత్రులు మేల్కొనేదెవరు, ఆమె కంచం చూసేదెవరు అన్నది ముందే మాట్లాడుకుందాం. భార్యాభర్తలు సంప్రదించుకోవాలన్న ఆదేశాన్ని పాలు మాన్పించే రోజు వరకు వాయిదా వేయకుండా, పాలు మొదలయ్యే రోజు నుండే పాటిద్దాం.

పాలిచ్చే తల్లులకు ఆరోగ్యాన్ని, వారి చుట్టూ ఉన్న మనకు వారి భారాన్ని పంచుకునే సద్బుద్ధిని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.